ఐదు కిలోల సబ్బుపొడి

మార్చి 4

ప్రకటన

ఇందుమూలంగా యావన్మందికీ, ముఖ్యంగా బస్సు డిపోలో పోగొట్టుకున్న సామాన్ల గదికి మహారాణి అయిన మా మేనకోడలికి తెలియజేయడమేమనగా: నేటి నుంచి మన కాటాల మరమ్మతు కొట్లో పిల్లి పెద్ద కాటా పళ్ళెం మీద నిద్రపోరాదు. నిద్రపోయిన పక్షంలో దాని బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములని లోకానికి చాటబడును. మూడు కాళ్ళ స్టూలు మీద కూర్చునే హక్కు యజమానికి మాత్రమే కలదు. నాలుగో కాలు ఏమైందన్న ప్రశ్నలు స్వీకరించబడవు. ఇట్లు యజమాని, గుమాస్తా, ఊడ్చే మనిషి. ముగ్గురూ నేనే.

కోడలు పిల్లా, నవ్వావా? నవ్వితే ఇక చాలు, ఇప్పుడు అసలు కబురు.

మన వీధి చివర పసిపిల్లల ఆసుపత్రిలో కాటాని జనవరిలో నేనే బాగుచేసి సీలు వేశాను. మొన్న సోమవారం పొద్దున తూచిన తొమ్మిది మంది పిల్లలూ పోయిన వారం కన్నా మూడు నాలుగు వందల గ్రాములు తగ్గిపోయారట. పెద్ద నర్సు నన్ను పిలిపించింది. ఆవిడ గొంతెత్తదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది, అంతే, అవతలివాడికి చెమటలు. నా తూకం రాళ్ళు పట్టుకెళ్ళి తూచాను. కిలోకి కిలో, ఐదుకి ఐదు, వెంట్రుకవాసి తేడా లేదు. అదే చెప్పాను.

“అయితే పిల్లలే అబద్ధమాడుతున్నారా?” అంది.

తూనికల ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు రాసేసింది. ఏప్రిల్ 28న విచారణ. నేను చెడ్డ కాటాకి సీలు వేశానని తేలితే సీలు ముద్ర లాక్కుంటారు. మీ తాతయ్య చేతి నుంచి నా చేతికొచ్చిన ముద్ర అది. అది పోతే పిల్లిని తూచుకుంటూ కూర్చోవడమే.

ఇంకో సంగతి. ఆ కాటా పక్కన గోడకి ఒక వాడుక పుస్తకం వేలాడుతోంది. అట్ట మీద మీ గుంపు పేరుంది, నువ్వు సాయంత్రాలు జీతం లేకుండా చాకిరీ చేస్తావే, ఇలాంటి కాటాల తెరల్ని నడిపే ఆ సాఫ్ట్‌వేర్ గుంపు. అందులో ‘ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని క్యాలిబ్రేట్ చేయండి’ అని ఉంది. ఎవడు రాశాడో గాని వాడికి కాటాకీ కుర్చీకీ తేడా తెలియదు. పొద్దున్నే చేసేది సున్నా పెట్టడం. ఖాళీ పళ్ళెం చూపించి, ఇదీ సున్నా అని యంత్రానికి చెప్పడం. క్యాలిబ్రేషన్ అంటే తూకం దిద్దడం. బరువు ముందే తెలిసిన రాయి పెట్టి, ఇదీ ఐదు కిలోలు అని చెప్పడం. అది ఏడాదికోసారి నాలాంటివాడు చేసే పని. ఆ రాసిన మహానుభావుణ్ణి పట్టుకుని నా తరఫున రెండు తగిలించు.

నీ మావయ్య


మార్చి 11

మావయ్యా,

నువ్వు ఫోనులో మా డిపో మేనేజరు గొంతుతో మాట్లాడి, పోయిన గొడుగులన్నీ సాయంత్రంలోగా లెక్కపెట్టమన్నావు. లెక్కపెట్టాను. నలభై ఒకటి. కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి నిలబడితే ఆయన నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది. అందుకే నీతో ఇక ఫోను లేదు, ఉత్తరాలే అన్నాను. కాగితం మీద గొంతు మార్చలేవు కదా అనుకున్నాను. ఇప్పుడు ఉత్తరంలో తొమ్మిది మంది పిల్లలు ఒకేసారి చిక్కిపోయారంటున్నావు. పదో పిల్లవాడు గాల్లోకి ఎగిరిపోయాడని కూడా రాయాల్సింది.

మా సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు. వేల చోట్ల నడుస్తోంది. ఇక ఆ మాట గురించి. క్యాలిబ్రేషన్ అన్నా నువ్వనేదన్నా యంత్రాన్ని పనికి సిద్ధం చేయడమే కదా. చదివేవాళ్ళకి అర్థమవుతుంది. మూడేళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదు. ఆ పేజీని చాలా శ్రద్ధగా రాశారు, నాకు తెలుసు.

ఒకటి మాత్రం చెబుతాను, నువ్వు వేళాకోళం చేసినా సరే. మా సాఫ్ట్‌వేర్‌కి యజమాని లేడు. లోపలి రాతంతా అందరి ముందూ పరిచి ఉంటుంది. అందులో గాని వాడుక పుస్తకంలో గాని తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దొచ్చు. అంత ఖచ్చితంగా తప్పే అనిపిస్తే దిద్దు, ఎవరొద్దన్నారు?

అమ్మ కులాసా. నీ స్టూలు నాలుగో కాలు తన పెళ్ళినాడు నువ్వే విరగ్గొట్టావని చెప్పమంది.

నీ కోడలు


మార్చి 17

గొడుగుల మహారాణికి,

నువ్వు చెప్పినట్టే దిద్దాను.

ఎవరైనా దిద్దొచ్చన్నావు. అంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? శుక్రవారం పొద్దున్నే ఎర్రసిరా పెన్ను జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, గోడకున్న పుస్తకం విప్పి, ఆ ‘క్యాలిబ్రేట్’ని అడ్డంగా కొట్టేసి, పైన ‘సున్నా పెట్టండి’ అని గుండ్రంగా రాశాను. పక్కన సంతకం కూడా చేశాను, దాచుకోవాల్సిన పని కాదు కదా.

అప్పుడే డ్యూటీ నర్సు వచ్చింది. పాపం ఆవిడకి పుస్తకం చూడనవసరం లేదు, కంఠతా వచ్చు. క్యాలిబ్రేషన్ మీట నొక్కింది. తెర మీద ‘ఐదు కిలోల బరువు పెట్టండి’ అని వచ్చింది. ఆవిడ గుడ్డలుతికే గదిలోకి వెళ్ళి ఒక సంచి మోసుకొచ్చి పళ్ళెం మీద పెట్టింది. సంచి మీద పెద్ద అక్షరాలతో ‘5 కిలోలు’. ఏమిటనుకున్నావు? సబ్బుపొడి. మూతి కత్తిరించి, బట్టలారేసే క్లిప్పు పెట్టి ఉంది. కాటా దాన్ని ఐదు కిలోలుగా నమ్మింది. ఆవిడ సంచిని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళింది. ఉతికే ఆవిడ అందులోంచి నిండుగా ఒక గరిటె తీసి బకెట్లో వేసింది.

తెలిసిందా? సంచి రోజూ తగ్గుతుంది. ఎంత తగ్గినా కాటా దృష్టిలో అది ఐదు కిలోలే. అంటే పిల్లలు తినకుండానే రోజూ బరువెక్కుతారు. పదిహేను రోజులకి కొత్త సంచి వస్తుంది, పాతదాంట్లో మిగిలింది నేల కడగడానికి పోతుంది. ఆ పొద్దున పిల్లలందరూ ఒక్కసారిగా చిక్కిపోతారు. నన్ను పిలిచింది కొత్త సంచి విప్పిన రోజునే. ఇక నా రాళ్ళకి తేడా ఎలా కనిపిస్తుంది?

ఇదంతా బుర్రకెక్కేసరికి నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను. అదే నా కొంప ముంచింది. పెద్ద నర్సు వచ్చేసరికి నేను సబ్బు సంచి చూసి పగలబడుతున్నాను, గోడ మీద పుస్తకం ఎర్రగా ఉంది. కళ్ళజోడు తీసింది. నేను చెప్పింది ఒక్క ముక్క వినలేదు. నన్ను గుమ్మం ఎక్కనివ్వొద్దని కాపలావాడికి చెప్పింది. ఫిర్యాదులో ఇప్పుడు ఇంకో పేరా చేరింది.

నువ్వు దిద్దమన్నావనే దిద్దాను. గుర్తుంచుకో.

గెంటివేయబడిన నీ మావయ్య


మార్చి 24

మావయ్యా,

దిద్దొచ్చు అంటే గోడకున్న కాగితం మీద కాదు మావయ్యా. మా గుంపుకి మార్పు పంపాలి, వాళ్ళు చూసి ఒప్పుకోవాలి, అప్పుడు అన్నిచోట్లా మారుతుంది. అది రాయకపోవడం నా తప్పే.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. మళ్ళీ చదివి నవ్వడం మానేశాను. నువ్వు చెప్పే అబద్ధాలన్నిట్లోనూ చివరికి నువ్వే గెలుస్తావు. ఇందులో నిన్ను గెంటేశారు. అందుకని నమ్ముతున్నాను.

ఇంకో మాట. పోయిన ఉత్తరంలో దాచాను. ఆ పేజీ రాసింది నేనే. గుంపులో చేరాక నేను చేసిన మొదటి పని. మొదట ‘యంత్రాన్ని సిద్ధం చేయండి’ అని రాశాను. చిన్నపిల్ల రాతలా అనిపించి, బరువైన మాట ఉంటే బాగుంటుందని క్యాలిబ్రేట్ పెట్టాను. దాని అర్థం ఎవర్నీ అడగలేదు. కాటాలు బాగుచేసే మావయ్య ఉండీ అడగలేదు. నా పేరు ఆ పేజీ అడుగున చూసుకుని అమ్మకి చదివి వినిపించాను కూడా. నిజంగా బరువు పెరగని పాపాయి ఒక్కతైనా ఉంటే, ఎవరికీ తెలియదు కదా.

మా గుంపు పెద్దాయనకి రాశాను. ఆయన అనుమతి లేకుండా అక్షరం కదలదు. ఆయన జవాబు: సబ్బు కథ తమాషాగా ఉంది, రుజువేదీ? ఇంకా, ‘సున్నా పెట్టడం’, ‘తూకం దిద్దడం’ అన్నవి ఆ పనివాళ్ళు నిజంగా వాడే మాటలా, లేక ఒక మనిషి అప్పటికప్పుడు అల్లినవా? పాత ఆధారం కావాలి.

మార్పు కోరేవాళ్ళు మూడు వరుసలు రాయాలి. ‘ఉన్నది’, ‘ఉండవలసింది’, ‘కారణం’. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. నీకు కష్టమే. పిల్లి గురించి రాయకు.

నీ కోడలు


ఏప్రిల్ 2

కోడలు పిల్లా,

నువ్వే అని తెలిస్తే రెండు తగిలించమని రాసేవాణ్ణి కాదు. ఒకటితో సరిపెట్టేవాణ్ణి.

రుజువు ఇదిగో. గుమ్మం ఎక్కొద్దన్నారు గాని పెరటి తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఉతికే ఆవిడకి నా మీద జాలి. ఆరు రోజులు, పొద్దున ఆ సంచి కాటా మీద నుంచి దిగగానే పెరటి గడప మీద నా రాళ్ళతో తూచాను. మొదటి రోజు నాలుగు కిలోల ఏడు వందల గ్రాములు. ఆరో రోజు నాలుగు కిలోల నాలుగు వందల యాభై. ప్రతి రోజుదీ వేరే కాగితం మీద ఉంది, ఉతికే ఆవిడ సంతకంతో.

ఇప్పుడు నవ్వురాని సంగతి. మన ఎదురు వరసలో పరుపులు కుట్టేవాడి కూతురికి రెండు నెలల పాప. ఆసుపత్రిలో ‘బాగా పెరుగుతోంది’ అని రాసిచ్చారట, తల్లి మురిసిపోతోంది. నాకు మనసొప్పక ఆ మొదటి రోజునే పాపని మన కొట్టుకి తెమ్మన్నాను. పిల్లిని దింపి, పళ్ళెం తుడిచి, సున్నా పెట్టి తూచాను. మూడు కిలోల రెండు వందలు. అదే పొద్దున ఆసుపత్రిలో మూడు కిలోల నాలుగు వందలు. ఆరో రోజు మళ్ళీ తూచాను. ఆసుపత్రిలో మూడు కిలోల ఆరు వందలు, నా దగ్గర మూడు కిలోల రెండు వందల పది. ఐదు రోజుల్లో అక్కడ రెండు వందల గ్రాములు పెరిగింది, ఇక్కడ పది. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి తల్లికి చూపించాను. ఏ కాటాని నమ్మాలో కూడా చెప్పాను. ఆవిడ పాపని ఊళ్ళో ఇంకో డాక్టరుకి చూపిస్తోంది.

అందుకని త్వరపడు. నా ముద్ర సంగతి తరవాత.

పాత ఆధారం కావాలన్నాడు కదా పెద్దాయన. ఉంది. మీ తాతయ్య నోటుబుక్కు. నల్ల అట్ట, మూలలు ఎలక కొరికింది. పదిహేడో పేజీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘ఖాళీ పళ్ళెంతో చేసేది సున్నా పెట్టడం, రోజూ చేయాలి. తెలిసిన రాయితో చేసేది తూకం దిద్దడం, రాయి లేనివాడు చేయకూడదు.’ దీని గురించి మీ అమ్మని అడక్కు. నాన్న పేరెత్తితే అక్క రెండు రోజులు మాట్లాడదు.

మూడు వరుసలూ వేరే కాగితం మీద రాశాను. పిల్లి గురించి రాయలేదు. చాలా బాధపడింది.

మావయ్య


ఏప్రిల్ 15

మావయ్యా,

గెలిచాం.

ఎలాగో వరుసగా చెబుతాను. నీ ఆరు కాగితాలూ, పాప బరువులూ గుంపులో పెట్టాను. పైన ‘ఈ తప్పు వాక్యం రాసింది నేనే’ అని మొదలుపెట్టాను. మూడు వందల మంది చదివే చోటు అది. మీట నొక్కాక వెళ్ళి గొడుగులు సర్దుకుంటూ కూర్చున్నాను, చూడటానికి ధైర్యం లేక.

తిరిగొచ్చి చూస్తే పదకొండు ఆసుపత్రుల నుంచి జవాబులు. ఒక చోట మూత లేని నీళ్ళ డబ్బా పెడుతున్నారట, ఎండాకాలం నీళ్ళు ఆవిరవుతాయి కదా. ఒక చోట తలుపుకి అడ్డం పెట్టే రాయి, ‘సుమారు ఐదు కిలోలు’. ఒక చోట గుమాస్తా తన చేతిసంచి పెడుతున్నాడు, అందులో ఏ రోజు ఏముంటుందో ఆయనకే తెలియదు. అందరూ పుస్తకం చెప్పినట్టే చేశారు. పుస్తకం చెప్పిందే తప్పు.

పెద్దాయన ఆ జవాబులన్నీ చదివాడు. తరవాత రాశాడు: “అమ్మాయి రాసింది, నేను చదివి సరే అన్నాను. తప్పు ఇద్దరిదీ. ఈ రోజే దిద్దుదాం.” ఆ సాయంత్రమే దిద్దారు. నాలుగు భాషల్లో. ‘ప్రతి ఉదయం సున్నా పెట్టండి. తూకం దిద్దే పని సీలున్న రాళ్ళు గల మేస్త్రీకి వదలండి.’ తెర మీద కూడా, క్యాలిబ్రేషన్ మీట నొక్కితే ‘మీ దగ్గర సీలున్న రాయి ఉందా?’ అని ఇప్పుడు అడుగుతుంది.

పుస్తకం చివర మాటల పట్టికలో తాతయ్య వాక్యాలు రెండూ చేర్చాం, ‘ఒక కాటాల మేస్త్రీ పాత నోటుబుక్కు నుంచి’ అని. అవి చదివి పెద్దాయన ఇంత సూటిగా మేము పదేళ్ళలో ఒక్క వాక్యం రాయలేదన్నాడు. తాతయ్య పోయినప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను. ఆయన మాట వినడం నాకు ఇదే మొదటిసారి.

కొత్త పేజీ అచ్చు తీసి పంపుతున్నాను, విచారణకి పట్టుకెళ్ళు. శుభ్రమైన చొక్కా వేసుకో. ఇన్‌స్పెక్టరు గొంతు అనుకరించకు.

నీ కోడలు


మే 1

విజయ ప్రకటన

ఇందుమూలంగా పిల్లికి పెద్ద కాటా పళ్ళెం మీద ఆదివారం మధ్యాహ్నాలు నిద్రపోయే హక్కు పునరుద్ధరించబడినది. కారణం, యజమాని సంతోషంగా ఉన్నాడు.

విను. విచారణ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తిరగని పంకా. పెద్ద నర్సు ఫిర్యాదు చదివింది, ఎర్రసిరా పేరాతో సహా. నా వంతు వచ్చింది. ఎవరి గొంతూ అనుకరించలేదు, నిజం. నీ కొత్త పేజీ, ఆరు కాగితాలు బల్ల మీద పెట్టాను. ఇన్‌స్పెక్టరు పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టుకుని రెండూ పైకి చదివాడు. చదివి ఆసుపత్రి కాటాని, సబ్బుపొడి సంచిని అక్కడికే తెప్పించాడు. తన రాళ్ళతో తూకం దిద్దాడు, సరిగ్గా ఉంది. సంచితో దిద్ది అదే రాయి పెట్టాడు. ఐదు కిలోల రాయి ఐదు కిలోల ఆరు వందలు చూపించింది.

పెద్ద నర్సు కళ్ళజోడు తీసింది. నేను అలవాటుగా వెనక్కి జరిగాను. ఆవిడ దాన్ని చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“ఎంతమంది పిల్లల్ని మళ్ళీ తూచాలో నాకు తెలుసు. ఈ రోజే మొదలుపెడతాను. మీరు రాళ్ళు పట్టుకుని రండి,” అంది.

అదే ఆవిడ క్షమాపణ. చాలు నాకు. నూట ఆరుగురు పిల్లల్ని మూడు రోజుల్లో తూచాం. వారిలో నలుగురు లెక్కకి బాగున్నట్టుండి నిజానికి పెరగనివాళ్ళు. నలుగురికీ వైద్యం మొదలైంది. పరుపులవాడి మనవరాలు వేరే డాక్టరు మందుతో ఈ పాటికే మూడు కిలోల ఏడు వందలకొచ్చింది, నా కాటా మీద, సబ్బు ప్రమేయం లేకుండా. దాన్ని పళ్ళెం మీంచి ఎత్తితే నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను ఎవర్నీ ఆటపట్టించలేదు. రికార్డు.

ముద్ర నా దగ్గరే ఉంది. గోడ మీద కొత్త పేజీ అంటించారు. పాత పేజీ పెద్ద నర్సు నాకిచ్చేసింది, ఎర్రసిరాతో సహా. కొట్లో చట్రం కట్టించి పెట్టాను.

నీ మావయ్య


మే 10

మావయ్యా,

నీ ఉత్తరం డిపోలో పైకి చదివాను. మేనేజరు కూడా విన్నాడు. గొడుగుల సంగతి ఆయన క్షమించాడట.

గుంపులో నీ విచారణ కథ రాస్తే ఒక్క రోజులో రెండు వందల మంది అభినందించారు. ఎవరో దూరదేశంలో ఒక మంత్రసాని, తానూ ఇన్నాళ్ళూ రాయికి బదులు పిండి డబ్బా పెట్టానని ఒప్పుకుంది. నా పేరు ఇప్పుడు ఆ పేజీ అడుగున రెండోసారి ఉంది. ఈసారి అమ్మకి చదివి వినిపిస్తే అర్థమైంది కూడా.

ఒక్క కోరిక. పెద్దాయన తాతయ్య నోటుబుక్కులో ఆ పదిహేడో పేజీ ఫొటో తీసి పుస్తకం మొదట్లో పెట్టాలంటున్నాడు. రిజిస్టరు పోస్టులో పంపు. జాగ్రత్తగా చూసి తిరిగి పంపేస్తాను. నాకూ ఒకసారి ఆయన దస్తూరీ చూడాలనుంది.

నీ కోడలు


మే 16

కోడలు పిల్లా,

మంగళవారం ఒక నోటుబుక్కు కొన్నాను. నల్ల అట్ట. టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టాను. మూలలు కొరకడానికి ఎలక దొరక్క ఆకురాయితో అరగదీశాను. పెన్ను పట్టుకుని పదిహేడో పేజీ తీశాను. నీ ఉత్తరంలో చివరి వాక్యం గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

మీ తాతయ్యకి చదువు రాదు. ముద్ర తీసుకున్న రోజు వేలిముద్ర వేశాడు. ఆయన ఏదీ చెప్పేవాడు కాదు, చేసేవాడు. ముందు ఖాళీ పళ్ళెం మీద అరచెయ్యి ఆనించి తీసి, ముల్లు సున్నాకి వచ్చేదాకా చూసేవాడు. ఆ తరవాతే రాయి ముట్టుకునేవాడు. నేను వరస తప్పితే స్క్రూడ్రైవరు పిడితో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు. ఆ వరస నిజం. ఆ రెండు మాటలూ కాటాల వాళ్ళం అందరం వాడతాం, అదీ నిజం. కావాలంటే ఇన్‌స్పెక్టర్ని అడిగించు. సంచి, పాప, కాగితాలు, అన్నీ నిజం. పెద్దాయన మెచ్చుకున్న వాక్యాలు మాత్రం నేను ఆ ఉత్తరం రాస్తూ, పిల్లి చూస్తుండగా, మూడు కాళ్ళ స్టూలు మీద కూర్చుని రాసినవి. నా మాటంటే నువ్వే మొదట నమ్మలేదు, ఆయనెలా నమ్ముతాడని తాతయ్య పేరు పెట్టాను. ఆయన మాట విన్నానని నువ్వు మురిసిపోతావని ఆలోచించలేదు. ఇప్పుడాయన ఉంటే నా వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు.

ఎవరైనా దిద్దొచ్చన్నావు. ఈసారి పద్ధతి ప్రకారం పంపుతున్నాను, గోడ మీద కాదు. పెద్దాయనకి ఇవ్వు.

ఉన్నది: ‘ఒక కాటాల మేస్త్రీ పాత నోటుబుక్కు నుంచి.’

ఉండవలసింది: ‘చదువు రాని ఒక కాటాల మేస్త్రీ చేతి పని చూసి నేర్చుకున్న ఆయన కొడుకు రాసినది.’

కారణం: ఆ నోటుబుక్కు ఎన్నడూ లేదు. నల్ల అట్ట, ఎలక కొరికిన మూలలు, పదిహేడో పేజీ, అంతా నా కల్పన.